కొంచెం దూరం

చిన్నపిల్లల ముందు చావు మాట ఎత్తకూడదని రూలు పెట్టేవాళ్ళకి చిన్నపిల్లలంటే ఏమిటో తెలియదు. తెలిస్తే పెట్టరు.

ఆ బడిలో ఆ రూలు పెట్టింది పెద్దమేడమ్. అంతకుముందు ఏడాది ఎవరో టీచరు ముసలి ఎలుగుబంటి చచ్చిపోయిన కథ చెప్పిందట, ఒక పిల్లాడు మూడు రాత్రులు నిద్రపోలేదట, వాళ్ళ నాన్న వచ్చి బల్ల గుద్ది మరీ వెళ్ళాడు. మర్నాటికల్లా స్టాఫ్ రూము గోడ మీద కాగితం వెలిసింది. పాఠాల్లో పడిపోవడాలు, రక్తాలు, చావులు ఉండకూడదు. కింద పెద్దమేడమ్ సంతకం, దాని కింద టీచర్లందరి సంతకాలూ. రంగుల టీచరు కూడా పెట్టింది. పెట్టక చస్తుందా!

రంగుల టీచరని పిల్లలే పేరు పెట్టారు. ఆమె వేళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక సుద్దరంగు అంటుకునే ఉంటుంది. బొమ్మ గీయకుండా పాఠం చెప్పడం ఆమె వల్ల కాదు. కథ చెప్పడంలో మాత్రం ఆమెని మించినవాళ్ళు ఆ బళ్ళో లేరు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపి, "మిగతాది రేపు" అనేది. ఆ రేపటి కోసం జ్వరం వచ్చిన పిల్లలు కూడా బడికి తయారయ్యేవాళ్ళు.

ఆమె రెండో తరగతిలో ఇరవై ఆరుగురు. అందులో ఒకతె ఆమె కూతురే. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉందని అమ్మమ్మ "పిడికెడు" అని పిలిచింది, అదే నిలిచిపోయింది. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక, వయసు చాలకపోయినా తన క్లాసులోనే కూర్చోబెట్టుకుంది. బళ్ళో "అమ్మా" అనకూడదు, "టీచర్" అనాలి. ఆ ఒప్పందాన్ని పిడికెడు ఒక్కరోజు కూడా తప్పలేదు.

మొదట్లో దాన్ని అందరూ తోసేసేవాళ్ళు. కుళాయి దగ్గర నీళ్ళు తాగనిచ్చేవాళ్ళు కాదు, జారుడుబల్ల ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. తల్లి కదా, చూస్తూ ఊరుకోలేకపోయింది. అలాగని "నా కూతుర్ని తొయ్యకండి" అనడానికి లేదు కదా! అందుకని ఒక రూలు పెట్టింది. ఏ పనికైనా ఎత్తు ప్రకారం లైను కట్టాలి, అందరికన్నా చిన్నవాళ్ళు ముందు వెళ్ళాలి. నీళ్ళకైనా, జారుడుబల్లకైనా, సూదిమందుకైనా. హాజరుపట్టీ నంబర్లు కూడా ఆ వరసలోనే వేసింది. ఒకటో నంబరు పిడికెడు. ఇరవై ఆరో నంబరు తాటిచెట్టంత పొడుగున్న పిల్ల, దాని పేరు కొలబద్ద. లైను వంకర పోకుండా చూసే లీడరు కూడా అదే.

ఇంకో అలవాటు కూడా ఉండేది. "హాజరు" అని టీచరు అన్నదంటే ఎవరెక్కడున్నవాళ్ళు అక్కడే చతికిలబడి చేతులు కట్టుకోవాలి. ఇరవై ఆరు పూర్తయ్యేదాకా లేవకూడదు. మైదానంలో ఉన్నా అంతే, బురదలో ఉన్నా అంతే.

ఆ వారం పాఠం, మనిషి ఎగరడం ఎలా నేర్చుకున్నాడు అని.

సోమవారం గోడ మీద పొడవాటి కాగితం అంటించి, ఎడమ చివర పక్షుల బొమ్మ గీసింది. దాని పక్కన ఒక బురుజు. బురుజు మీద చేతులకి రెక్కలు కట్టుకున్న మనిషి.

"చాలా చాలా కాలం కిందట, ఇలాంటివాళ్ళు కొందరుండేవాళ్ళు. పక్షికి రెక్కలున్నాయి, నాకెందుకు లేవూ అనుకున్నాడు ఈయన. కర్రలు, గుడ్డలు, ఈకలు తెచ్చాడు. రెక్కలు చేశాడు. బురుజెక్కాడు. కింద ఊరంతా మెడలెత్తి చూస్తోంది. ఆయన ఒక కాలు ముందుకి పెట్టాడు..."

గంట కొట్టారు.

"మిగతాది రేపు!"

ఇరవై ఆరుగురూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

మంగళవారం తలుపు తీసీ తీయకముందే ఒక పిల్లాడు ఎదురొచ్చాడు. వాడి పేరే "ఎందుకు". వాడు నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట అదే మరి. ఇవాళ మాత్రం వేరే మాట వచ్చింది.

"టీచర్, ఆయన ఎంతదూరం వెళ్ళాడు?"

రంగుల టీచరు నోటిదాకా నిజం వచ్చింది. పడ్డాడురా, పడి పోయాడు, అలాంటివాళ్ళు చాలామంది పోయారు. స్టాఫ్ రూములో కాగితం గుర్తొచ్చింది. కాగితం కింద తన సంతకం గుర్తొచ్చింది.

"కొంచెం దూరం వెళ్ళాడు," అంది.

"తర్వాత?"

"తర్వాత ఇంకా మంచి రెక్కలు చేశారు."

ఎందుకు తల ఊపాడు. తృప్తిగానే ఊపాడు. ఆమె కూడా హమ్మయ్య అనుకుని పెద్ద బెలూను బొమ్మ మొదలుపెట్టింది. బెలూను కింద బుట్ట. బుట్టలో ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

"మనుషులు ఎక్కకుండా వీటినెందుకు ఎక్కించారు టీచర్?"

"పైన ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కదా. పైగా ఇవి మనిషికన్నా తేలిక. అందుకని ముందు వీటిని పంపారు. వాటికేమీ కాలేదని చూశాక పెద్దవాళ్ళు ఎక్కారు."

"అంటే చిన్నవాళ్ళు ముందు," అంది కొలబద్ద.

"అంతే, మన లైనులాగే!" అని నవ్వేసింది రంగుల టీచరు.

నోరు జారడమంటే ఇదే. జారినట్టు జారినవాళ్ళకి కూడా తెలియదు.

ఆ మధ్యాహ్నం పిడికెడు తన అన్నం డబ్బా మూత తీయలేదు. "ఆకలి లేదు టీచర్" అంది. సాయంత్రం ఇంట్లో రెండు ముద్దలు తిని లేచిపోయింది. కడుపులో బాగాలేదేమో అనుకున్నారు.

బుధవారం గాలిలో జారే రెక్కబండి వంతు. ఇంజను లేకుండా, కొండ మీంచి గాలిని పట్టుకుని జారేది. "దాన్ని చేసేవాళ్ళు ప్రతి కర్రా తూచేవాళ్ళు. ప్రతి మేకూ తూచేవాళ్ళు. బరువుంటే లేవదు మరి."

పిడికెడు చెయ్యెత్తింది. క్లాసులో అది చెయ్యెత్తడం నెలకోసారి జరిగే ముచ్చట.

"మనిషి కూడా తేలిగ్గా ఉండాలా టీచర్?"

"ఉండాలి మరి. ఎంత తేలికైతే అంత మంచిది. భలే అడిగావే!"

పిడికెడు మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి తల్లి లోపల్లోపల పొంగిపోయింది. పొంగిపోయిన కళ్ళకి మధ్యాహ్నం మళ్ళీ మూత తీయని డబ్బా కనబడలేదు.

ఆ రోజు భోజనాల గంట తర్వాత క్లాసు చిత్రంగా ఉంది. చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. నోట్లో నువ్వుగింజ నానని పిల్లలు ఒక్కరు కూడా గుసగుసలాడటం లేదు. కొలబద్ద కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. కడుక్కున్న చేతుల్నే మళ్ళీ కడుక్కుంటోంది.

"ఏంటమ్మా, ఏమంటింది?"

"ఏం లేదు టీచర్."

కుళాయి పక్కన మట్టి చిన్న కుప్పగా పోసి ఉంది. దాని మీద ఎవరో సుద్దముక్క నిలబెట్టారు. పోయిన నెల గింజల పాఠం చెప్పింది కదా, ఏదో నాటి ఉంటారనుకుంది. "నీళ్ళు పొయ్యడం మర్చిపోకండి" అని కూడా అంది. కొలబద్ద ఆమె వైపు చూసిన చూపు రాత్రి పడుకోబోయేముందు ఎందుకో గుర్తొచ్చింది. ఏడవబోయి ఆపుకున్న చూపులా ఉంది. ఇంట్లో ఏమైనా గొడవేమో, రేపు అడగాలి అనుకుని నిద్రపోయింది.

గురువారం ఆయా గోల పెట్టింది.

"నా గొడుగు ఎవరు తీశారు? నల్ల గొడుగు! మొన్న వానకి తెచ్చి ఇక్కడే పెట్టాను, రెక్కలొచ్చి ఎగిరిపోయిందా ఏంటి?"

ఇరవై ఆరుగురూ తలలు దించుకుని రాసుకుంటున్నారు. వెనక కిటికీకి ఉండాల్సిన కర్టెను కూడా లేదని అప్పుడు గమనించింది రంగుల టీచరు. ఉతకడానికి తీశారేమో. నీళ్ళ ట్యాంకు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీలు బళ్ళో అంతటా తిరుగుతున్నారు, వాళ్ళు గాని వాడుకున్నారేమో. కారణం వెతుక్కునేవాడికి కారణాలకేం కొదవ!

ఆ రోజు ఇంజనున్న మొదటి విమానం చెప్పింది. అది మొదటిసారి నేల విడిచి పైకి లేచిన చోట ఆపింది. కానీ "మిగతాది రేపు" అన్నప్పుడు ఎవరూ ఊపిరి వదల్లేదు. అసలు ఎవరూ బోర్డు వైపు చూడటం లేదు. అందరూ పిడికెడు వైపు చూస్తున్నారు.

ఆమె కూడా అటు చూసింది. వింతేమీ కనబడలేదు.

సాయంత్రం ఇంటికెళ్తూ పిడికెడుని ఎత్తుకుంది. "ఏంటే, గాలికి కొట్టుకుపోయేలా ఉన్నావు? రేపు డబ్బా ఖాళీ చేయకపోయావో, చెప్తా నీ పని!"

"నిజంగా తేలిగ్గా ఉన్నానా?" అంది పిడికెడు, ఆశగా.

"దూదిలా ఉన్నావు."

పిడికెడు తల్లి మెడ చుట్టూ చేతులేసి నవ్వింది. మూడు రోజుల్లో అది నవ్వడం అదే మొదటిసారి. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ!

శుక్రవారం పొద్దున్న రెండో పీరియడ్లో పెద్దమేడమ్ కబురు పెట్టింది. గోడ మీది బొమ్మలు చూసి ముచ్చటపడిందట. "పిల్లలకి ఎలా చెప్పాలో మిమ్మల్ని చూసి నేర్చుకోవాలండీ. భయపెట్టే మాట ఒక్కటి లేదు," అంది. రంగుల టీచరు కుర్చీ చివర కూర్చుని సరే సరే అంటోంది గాని, చెవులు తన క్లాసు వైపే ఉన్నాయి. టీచరు లేని క్లాసు సంతలా ఉండాలి. ఉండి తీరాలి. ఒక్క అరుపు లేదు. బెంచీ లాగిన చప్పుడు లేదు.

పిల్లలు గోల చేస్తున్నంతసేపూ ఏ భయమూ లేదు. వాళ్ళు సద్దుమణిగారంటే ఎక్కడో కొంప మునుగుతున్నట్టే.

"ఇప్పుడే వస్తానండీ," అని మాట మధ్యలో లేచి వచ్చేసింది.

క్లాసులో ఎవరూ లేరు. పిడికెడు బెంచీ మీద అన్నం డబ్బా మూత బిగించి ఉంది. దాని పక్కన ఆయా గొడుగు ఊచలు, గుడ్డ ఒలిచేసినవి, ఎముకల్లా పడి ఉన్నాయి. గోడ మీది కాగితంలో బురుజు మనిషి దగ్గర ఎవరో పెన్సిలుతో ఒక గీత గీశారు. బురుజు మీంచి కిందికి. గీత పొట్టిగా ఉంది. దాని చివర చిన్న సుద్దముక్క బొమ్మ.

ఆమెకి అప్పుడు మట్టికుప్ప అర్థమైంది. మూత తీయని డబ్బా అర్థమైంది. దూదిలా ఉన్నావంటే మురిసిపోయిన మొహం అర్థమైంది. పై ప్రాణాలు పైనే పోయాయి.

డాబా మెట్ల మొదట్లో ఇరవై ఆరు జతల బూట్లు, వరసగా, చక్కగా, ఎత్తు ప్రకారం. చప్పుడు కాకుండా విప్పేశారు. మెట్ల మీద పిల్లలు ఒకరి వెనక ఒకరు, పెదవుల మీద వేలు పెట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆమె ఏడాదంతా గొంతు చించుకుని నేర్పిన లైను. ఇంత బాగా ఎన్నడూ కట్టలేదు. పొడుగు పిల్లలు కింద, పొట్టి పిల్లలు పైన. ఆమె వాళ్ళని దాటుకుంటూ పరుగెత్తుతుంటే ఒక పిల్లాడు గుసగుసగా అన్నాడు కూడా, "టీచర్, మీరు లైను తప్పుతున్నారు."

మేస్త్రీలు టీకి వెళ్ళారు. డాబా తలుపు బార్లా తీసి ఉంది.

పిట్టగోడ పక్కన ఇటుకలు మెట్లలా పేర్చి ఉన్నాయి. పిట్టగోడ మీద పిడికెడు అవతలి వైపు తిరిగి నిలబడి ఉంది. రెండు చేతులకీ నల్లగుడ్డ, వీపు మీద కర్టెను. ఎందుకు కింద మోకాళ్ళ మీద కూర్చుని చివరి ముడి సరిచూస్తున్నాడు. కొలబద్ద లెక్క పెడుతోంది.

"ఒకటి..."

అరవబోయింది. పేరు పెట్టి పిలవబోయింది. పిలిస్తే అది గిరుక్కున తిరుగుతుంది, ఎప్పుడూ అంతే. పిడికెడంత పాదాలు, అరచేయి వెడల్పు గోడ. పిలుపు మింగేసింది.

"రెండు..."

"హాజరు," అంది రంగుల టీచరు.

మామూలు గొంతుతోనే అంది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి అనే గొంతుతో. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. కొలబద్ద చతికిలబడింది. ఎందుకు చతికిలబడ్డాడు. మెట్ల మీద పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్న చప్పుడు వినబడింది.

పిడికెడు కూడా కూర్చుంది. గోడ మీదే. కాళ్ళు అవతలికి వేలాడేసి, రెక్కలతో సహా చేతులు కట్టుకుంది. ఎవరెక్కడున్నవాళ్ళు అక్కడే కూర్చోవాలి కదా! గాలికి కర్టెను ఒకసారి ఉబ్బి పిల్ల ముందుకి ఊగింది. తల్లి నడవడం మొదలుపెట్టింది.

"ఒకటో నంబరు."

"ప్రెజెంట్ టీచర్," అంది పిడికెడు, గాలిలోకి చూస్తూ.

"రెండు."

"ప్రెజెంట్ టీచర్."

"మూడు." ఒక అడుగు. "నాలుగు." ఒక అడుగు. పరుగెత్తకూడదు. పరుగెత్తితే అది తిరిగి చూస్తుంది. "ఐదు. ఆరు." తుంటరి వెధవ ఎవడో ఆలస్యంగా పలికాడు, ఆ క్షణం ఏడాదంత సాగింది. "ఏడు. ఎనిమిది." ఇసుక మీద చెప్పు కరకరమంది. "తొమ్మిది."

పదో నంబరు పిలవలేదు. రెండు చేతులూ పిడికెడు నడుం చుట్టూ పడ్డాయి. గొడుగు గుడ్డతో, కర్టెనుతో, తాళ్ళతో సహా గుంజి గుండెకి అదుముకుని డాబా మీద కూలబడింది. పిల్ల ఎముకలు చేతికి తగిలాయి. మూడు రోజుల్లో అంత తగ్గిపోతారా పిల్లలు?

"ఇంకా అవ్వలేదు టీచర్," అంది పిడికెడు గింజుకుంటూ. "ఇంకా పదిహేడు మందున్నారు. తర్వాత నేను ఎగరాలి."

ఆమె కొలబద్ద వైపు తిరిగింది. "బుధవారం ఏం పంపారు?"

కొలబద్ద నేల చూపులు చూసింది.

"మా ఇంటి కోడిపిల్లని టీచర్. రుమాలు కట్టి."

"అదేది?"

"ఆ మాట క్లాసులో అనకూడదు కదా టీచర్."

"ఇది క్లాసు కాదు. చెప్పు."

"చచ్చిపోయింది టీచర్. మెడ ఇటు తిరిగిపోయింది. కుళాయి దగ్గర పాతిపెట్టాం."

తల్లి ఒళ్ళో పిడికెడు ఒక్కసారిగా బిగుసుకుంది. "అబద్ధం! నేనడిగితే కొంచెం దూరం వెళ్ళిందన్నావు కదక్కా!"

"చిన్నపిల్లవి కదా, నువ్వు భయపడతావని." కొలబద్ద ఏడుపు మొదలుపెట్టింది. "టీచరు కూడా మాకలాగే చెప్పారు."

"మరి తెలిసి తెలిసి దీన్నెలా ఎక్కించార్రా?" అంది రంగుల టీచరు.

ఎందుకు చేతులు కట్టుకునే జవాబు చెప్పాడు. హాజరు ఇంకా పూర్తికాలేదు మరి. "తర్వాత ఇంకా మంచి రెక్కలు చేశారన్నారుగా టీచర్. మేమూ చేశాం."

ఆమెకి ఎవర్ని కొట్టాలో తెలియలేదు. చిన్నవాళ్ళు ముందన్నది తను. తేలికైతే మంచిదన్నది తను. కూతుర్ని కాపాడుకోవడానికి కట్టిన లైనే దాన్ని తీసుకొచ్చి గోడెక్కించింది. ఈ పసివాళ్ళు ఆమె చెప్పిన పాఠంలో ఒక్క ముక్క పొల్లుపోనివ్వలేదు. ఆమె ఎగరగొట్టిన ముక్కే వాళ్ళ దగ్గర లేదు.

"అందరూ వినండి," అంది. "సోమవారం పాఠం పూర్తి చేస్తాను. బురుజు మీంచి దూకినాయన కొంచెం దూరం వెళ్ళలేదు. రెక్కలు పనిచేయలేదు. రాయిలా కింద పడ్డాడు. చచ్చిపోయాడు."

"ఏమిటండీ ఆ మాటలు! పిల్లల ముందు!" తలుపు దగ్గర పెద్దమేడమ్ నిలబడి ఉంది, రొప్పుతూ.

రంగుల టీచరు వెనక్కి తిరగలేదు. "చచ్చిపోయాడు," అంది మళ్ళీ, ఇంకాస్త గట్టిగా, మెట్ల మీది పిల్లలకి కూడా వినబడేలా. "ఆయన ఒక్కడే కాదు, చాలామంది పోయారు. అది మీకు చెప్పకపోవడం నాదే తప్పు."

తెగిన తాడొకటి గాలికి నేల మీద కొట్టుకుంటోంది. పిడికెడు చేతికున్న నల్లగుడ్డని చూసుకుంది, పిట్టగోడ వైపు చూసింది, దాని అవతల ఏమీ లేని చోటు చూసింది. అప్పుడు వణకడం మొదలుపెట్టింది. తల్లి జాకెట్టు గుప్పిట్లో పట్టుకుని, బళ్ళో ఎన్నడూ పిలవని పిలుపు పిలిచింది.

"అమ్మా."

"ఊఁ."

"ఆయన దూకినప్పుడు వాళ్ళమ్మ ఎక్కడుంది?"

"అక్కడే ఎక్కడో ఉండుంటుంది."

"మరి పట్టుకోలేదేం?"

ఆమె ముడులు విప్పుతోంది. అవి ఊడటం లేదు. ఎందుకు బాగా బిగించాడు.

"ఆవిడకెవరూ చెప్పలేదు తల్లీ."